పులి నాలుక, ఆవు నాలుక: మీ ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో పులి తన ముంగాలిని నాకుతున్న ఫోటో వేసి, ఆ నాలుక మీది ముళ్ల గురించి రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించినన్నాళ్లూ చూశాను, గుండె, మెదడు అంటే విద్యార్థులు ముందుకు తోసుకొచ్చేవారు. నాలుక ఉన్న ట్రే బయటికి తీస్తే మాత్రం పెదవి విరిచేవారు. నాకు అదే ఇష్టమైన పాఠం. ఒక జంతువు నాలుక చేతికిస్తే అది ఏం తింటుందో, ఎలా తింటుందో, కళ్లు మూసుకుని తడిమి చాలావరకు చెప్పవచ్చు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం నాలుకలకే ఇస్తున్నాను.

మా తరగతి అంతా జూ పార్కుకి వెళ్లాం. పులి ఎముకను నాకుతుంటే గీకుతున్నట్టు శబ్దం వినిపించింది. పులి నాలుక మీద నిజంగా ముళ్లుంటాయా? మా పిల్లి నాలుక కూడా గరుకే. మరి మన నాలుక ఎందుకు అలా ఉండదు?
*ఎనిమిదో తరగతి విద్యార్థిని, మధురవాడ*

బాగా విన్నావు తల్లీ. చూసినవాళ్లు చాలామంది ఉంటారు, ఆ శబ్దం పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఉంటాయి, నిజమైన ముళ్లే. పాలిచ్చే జంతువులన్నింటి నాలుక మీదా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. మీ పుస్తకంలో వాటిని పాపిల్లాలు అని రాసి ఉంటారు. స్థూలంగా నాలుగు రకాలు. నాలుక పైభాగమంతా పరుచుకుని, సన్నగా, కొనదేలి ఉండేవి ఫిలిఫార్మ్ బొడిపెలు. వాటి మధ్య అక్కడక్కడ గుండ్రటి తలతో ఎర్రగా కనిపించేవి ఫంజిఫార్మ్. నాలుక వెనక, గొంతుకు దగ్గరగా, చుట్టూ కందకం తవ్వినట్టు ఉండే పెద్దవి వాలేట్. నాలుక పక్క అంచుల్లో మడతలుగా ఉండేవి ఫోలియేట్. చివరి మూడింటిలో రుచి కణికలు ఉంటాయి. సంఖ్యలో అన్నింటికంటే ఎక్కువ ఉన్న ఫిలిఫార్మ్ వాటిలో రుచి కణికలు ఉండవు. వాటిది పట్టుకోవడం, గీకడం, తోయడం, తాకి తెలుసుకోవడం. అంటే నాలుక పైభాగంలో ఎక్కువ చోటు రుచికి కాదు, పనికి కేటాయించినదే. ఈ శీర్షికలో మిగతా జవాబులన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడతాయి, గుర్తుంచుకో.

పులి, సింహం, చిరుత, మీ ఇంటి పిల్లి, వీటి నాలుక మధ్యభాగంలో ఫిలిఫార్మ్ బొడిపెలు బాగా పెరిగి, గోళ్లలో ఉండే కెరాటిన్ తొడుగు వేసుకుని గట్టి కొక్కేలవుతాయి. అన్నీ గొంతు వైపే వంగి ఉంటాయి. నాలుక కొన నుంచి గొంతు వైపు వేలు పెట్టి రాస్తే జారిపోతుంది. అదే వేలు గొంతు నుంచి కొన వైపు లాగితే చర్మం పట్టుకుంటుంది. పులి నాకినప్పుడు నాలుక బయటికి చాపి వెనక్కి లాగుతుంది కదా, ఆ వెనక్కి లాగే ఊపులోనే కొక్కేలు పనిచేస్తాయి. ఎముకకు అంటుకున్న మాంసపు పొరలను అవే గీకి తీస్తాయి. నువ్వు విన్న శబ్దం అదే.

ఆ కొక్కెం కొనను భూతద్దం కింద పెడితే ఇంకా అందమైన సంగతి కనబడుతుంది. అది నిండుగా ఉండదు. కొన దగ్గర ఒక పక్క చీలి, లోపల చిన్న గాడి ఉంటుంది, కలం పాళీలాగా. చాలాకాలం అందరూ అవి నిండు శంకువులనే అనుకున్నారు. 2018లో అమెరికాలోని జార్జియా టెక్ సంస్థలో అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు అనే ఇద్దరు పరిశోధకులు ఇంటి పిల్లితో పాటు బాబ్‌క్యాట్, ప్యూమా, మంచు చిరుత, పులి, సింహాల నాలుకలను పరిశీలించి, అన్నింటిలోనూ ఆ గాడి ఉందని చూపించారు. పాళీలోకి సిరా ఎక్కినట్టు ఆ గాడిలోకి నోటి లాలాజలం దానంతట అదే ఎక్కుతుంది. నాకినప్పుడు కొక్కెం బొచ్చు లోపలికి దిగి, ఆ తడిని చర్మం దగ్గర వదులుతుంది. మురికి పోతుంది, తడి ఆరుతూ ఒంటి వేడిని కొంత తీసుకుపోతుంది. మన విశాఖ ఉక్కపోతలో జూలోని పులులు మధ్యాహ్నం పూట నీడలో పడుకుని గంటల తరబడి నాక్కోవడం చూసి బద్ధకం అనుకోకు.

ఇదే పరిశోధనలో పర్షియన్ పిల్లుల సంగతి కూడా తేలింది. వాటి బొచ్చు మరీ పొడవు, ఒత్తు కావడంతో కొక్కెం చర్మం దాకా చేరదు. బొచ్చు ఉండలు కడుతుంది. మన నగరంలో ఇప్పుడు వాటిని పెంచేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు నా మనవి: రోజూ దువ్వండి. అది ముద్దు కోసం కాదు, దాని నాలుక చేయలేని పని మీరు చేయాలి.

నీళ్లు తాగేటప్పుడు మాత్రం ఈ ముళ్లతో పని లేదు. పిల్లి జాతి నాలుక కొన నునుపు. ఆ నునుపు కొనను నీటి మీద తాకించి చటుక్కున పైకి లాగితే దాని వెంట సన్నటి నీటి ధార లేస్తుంది. అది కిందికి పడేలోపు నోరు మూస్తుంది. 2010లో వేగంగా తీసే కెమెరాలతో దీన్ని పట్టుకున్నారు. ఇంటి పిల్లి సెకనుకు నాలుగుసార్ల దాకా ఇలా చేస్తుంది, సింహం, పులి ఇంకా నెమ్మదిగా చేస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు పులి నీటితొట్టి దగ్గర కాసేపు నిలబడి చూడు.

మన నాలుక మీదా ఫిలిఫార్మ్ బొడిపెలు ఉన్నాయి, కొక్కేలు లేవు. మాంసం ఎముక నుంచి గీకడానికి, ఒళ్లు దువ్వుకోవడానికి మనకు చేతులున్నాయి. చూడాలనుకుంటే కేకుల్లో వేసే నీలి రంగు ఒక చుక్క నాలుక మీద వేసుకుని అద్దంలో చూసుకో. ఫిలిఫార్మ్ బొడిపెలు రంగు పట్టి నీలంగా మారతాయి, ఫంజిఫార్మ్ బొడిపెలు రంగు పట్టకుండా గులాబీ చుక్కలుగా తేలతాయి. ఇంట్లో అమ్మకు చెప్పి చెయ్యి, సాయంత్రం దాకా నాలుక నీలంగానే ఉంటుంది.

మా పిల్లికి పెరుగన్నం ఇష్టం, పాయసం పెడితే వాసన చూసి వెళ్లిపోతుంది. పులులకు తీపి తెలియదని ఎక్కడో చదివాను. నిజమేనా?
*గృహిణి, గాజువాక*

నిజమేనండీ. తీపిని పట్టే గ్రాహకం తయారు కావాలంటే రెండు జన్యువులు పనిచేయాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి చెడిపోయి పడి ఉంది. 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పరిశోధన చేసే మొనెల్ కేంద్రం శాస్త్రజ్ఞులు ఇంటి పిల్లితో పాటు పులిలో, చీతాలో కూడా అదే లోపం చూపించారు. మాంసమే తినే జంతువుకు తీపి తెలియకపోతే నష్టం లేదు, అందుకే ఆ జన్యువు తరతరాలుగా పాడవుతున్నా బతుకు ఆగలేదు. తర్వాత చూస్తే చుక్కల దుమ్ములగొండిలో, సీలయన్‌లలో కూడా ఇదే జరిగిందని తేలింది. ఒక్కో జాతిలో ఒక్కో చోట, విడివిడిగా చెడిపోయింది. వెదురు తినే పాండాలో దీనికి తిరగబడి ఉంది: తీపి గ్రాహకం బాగానే ఉంది, మాంసపు రుచిని పట్టే గ్రాహకం పోయింది.

మీ పిల్లి పెరుగన్నంలో వెతుక్కునేది కొవ్వు, మాంసకృత్తులు. పెట్టండి, కొంచెంగా.

మా దగ్గర పది ఆవులున్నాయి. పోయిన నెల ఒక ఆవు మేత మానేసింది. వీపు గూనిగా పెట్టి నిలబడేది. ఆపరేషన్ చేస్తే పొట్టలో ఇనుప తీగ ముక్క, ఒక బుట్టెడు ప్లాస్టిక్ సంచులు దొరికాయి. మనిషి అన్నంలో రాయి వస్తే వెంటనే ఊసేస్తాడు. ఆవుకు నోట్లో తీగ ఉన్నట్టు తెలియదా? మీరు పులి నాలుక గురించి రాసింది చదివాక అడగాలనిపించింది.
*పాడి రైతు, పెందుర్తి*

మీరు అడిగింది చాలా పెద్ద ప్రశ్న. ఈ సంచికలో నేను అన్నింటికంటే మనసు పెట్టి రాస్తున్న జవాబు ఇదే.

ఆవుకు పై దవడలో ముందు పళ్లు లేవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. అందుకని గడ్డిని పళ్లతో కొరకలేదు. నాలుకను బయటికి చాపి, గడ్డి పరకల గుత్తి చుట్టూ తిప్పి, లోపలికి లాగి, కింది పళ్లకూ పై చిగురుకూ మధ్య నొక్కి తెంపుతుంది. గడ్డి జారకుండా ఉండాలంటే నాలుక గరుకుగా ఉండాలి. అందుకే ఆవు నాలుక ముందుభాగం నిండా కెరాటిన్ తొడిగిన ఫిలిఫార్మ్ బొడిపెలు, పులికి ఉన్నట్టే, గొంతు వైపు వంగి ఉంటాయి. మీ లేగదూడను ఆవు నాకుతున్నప్పుడు మీ చెయ్యి అడ్డం పెట్టి ఉంటారు, ఆ గరుకు మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుక ఒక్కటే కాదు. బుగ్గల లోపలి వైపు కూడా వేలి కొన పొడవున కోసుగా పెద్ద బొడిపెలుంటాయి. అవి కూడా లోపలికే తిరిగి ఉంటాయి. నాలుక వెనకభాగంలో ఎత్తుగా ఒక గుబ్బ ఉంటుంది. మేతను అంగిలికి అదిమి వెనక్కి నెట్టేది అదే.

అంటే ఆవు నోరంతా ఒకే దిక్కుకు దారి. లోపలికి వెళ్లడం సులువు, బయటికి రావడం కష్టం. పైగా ఆవు మేసేటప్పుడు నమలదు, గబగబా మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. అడవిలో ఈ ఏర్పాటుకు అర్థం ఉంది. మేసే చోట పులి ఉండవచ్చు, గడ్డిని త్వరగా లోపల వేసుకుని నీడకు పోవాలి. అడవిదున్న, కణితి, చుక్కల జింక అన్నింటిదీ ఇదే పద్ధతి. కొన్ని లక్షల ఏళ్లుగా గడ్డిలో గడ్డే ఉండేది. తీగ ముక్కలు, మేకులు, కూర మిగులు కట్టి పారేసిన సంచులు మనం కలిపినవి. ఆవు తెలివితక్కువది కాదు. ఉప్పు వాసన, అన్నం వాసన వస్తున్న సంచిని నాలుక చుట్టి లాగింది, ఆ తర్వాత ఊసేయడానికి ఆ నోటికి వీలు లేదు.

మింగిన తీగ బరువుగా ఉంటుంది కాబట్టి తేనెపట్టు గదుల్లాంటి లోపలి పొర ఉన్న రెండో పొట్టలో, అంటే రెటిక్యులంలో, అడుగున పడుతుంది. దానికీ గుండెకూ మధ్య ఉండేది డయాఫ్రం, అంటే ఛాతీని పొట్టను వేరుచేసే పలచటి కండరపు పొర, అంతే. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు దిగుతుంది. మీరు చెప్పిన గూని వీపు ఆ నొప్పి గుర్తే. మోచేతులు బయటికి పెట్టి నిలబడడం, పల్లం దిగడానికి వెనకాడడం, లేచేటప్పుడు మూలగడం కూడా గమనించండి. గంగడోలు కింద వాపు, మెడ నరం ఉబ్బడం కనిపిస్తే తీగ గుండె పొరను తాకిందని అర్థం, అప్పటికి ఆలస్యమైపోతుంది. మీ ఆవు ముందే దొరికింది, సంతోషం. మిగతా వాటికి పశువైద్యుడితో మాట్లాడి రెటిక్యులంలో అయస్కాంతం వేయించే విషయం ఆలోచించండి. నోటి ద్వారా మింగిస్తారు, అది జీవితాంతం అక్కడే ఉండి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్‌కు మాత్రం అయస్కాంతం లేదు. పాక చుట్టూ తీగలు, ఎండుగడ్డి మోపుల కట్లు, మేకులు ఏరించండి. మేతకు బయటికి వదిలే అలవాటు ఉంటే దయచేసి చెత్తకుండీల వైపు పోనివ్వకండి.

ఇది చదువుతున్న నగరవాసులకు కూడా చెబుతున్నాను. మీరు అరటి తొక్కలు, అన్నం మిగులు సంచిలో పెట్టి ముడి వేసి రోడ్డు పక్కన పెట్టడం ఆవుకు పెట్టడమే. పెట్టాలనుకుంటే సంచి విప్పి, తొక్కలు మాత్రం పెట్టండి. కంబాలకొండ అడవి అంచున రోడ్డు పక్కన కారు ఆపి చిప్స్ తిని ప్యాకెట్లు విసిరేసేవాళ్లకూ ఇదే మాట. అక్కడ చుక్కల జింకలున్నాయి. వాటి నోరు కూడా ఒకే దిక్కుకు దారి. చనిపోయిన జింకల పొట్టల్లో ప్లాస్టిక్ ముద్దలు దొరకడం మన దేశంలో కొత్త సంగతేమీ కాదు.

పనిలో పనిగా ఇంకొకటి. గాలికుంటు వచ్చిన పశువు నోరు తెరిచి చూస్తే నాలుక మీద పొక్కులు పగిలి పైపొర ముద్దగా ఊడివస్తుంది. ఆ వైరస్‌కు నాలుక పైపొర అంత ఇష్టమైన చోటు. ఆ ఇష్టాన్నే మనిషి వాడుకున్నాడు. నెదర్లాండ్స్‌లో ఫ్రెంకెల్ అనే శాస్త్రవేత్త 1940ల చివర్లో, కబేళాల్లో కోసిన ఆరోగ్యమైన పశువుల నాలుకల పైపొరను సేకరించి, దాన్ని సజీవంగా ఉంచి, అందులో వైరస్‌ను పెంచి టీకా తయారు చేసే పద్ధతి కనిపెట్టాడు. యూరప్ గాలికుంటు నుంచి బయటపడడంలో ఆ నాలుకల పాత్ర చాలా ఉంది. మన దేశంలో 2019 నుంచి కేంద్ర పథకం కింద గాలికుంటు టీకాలు ఉచితంగా వేస్తున్నారు. మీ ఆవులకు వదలకుండా వేయించండి. చీలిన డెక్కలున్న ప్రతి జంతువుకూ ఈ జబ్బు వస్తుంది. అడవి అంచున మేసే ఆవు నుంచి జింకకు, అడవిదున్నకు అంటుకుంటే దాని నోటికి మందు రాసేవాళ్లు ఎవరూ ఉండరు.

మైసూరు జూలో జిరాఫీ నాలుక చూశాం, నల్లగా, నీలంగా ఉంది. జబ్బేమో అనుకున్నాం. మా మనవరాలి నాలుక మీద కూడా నల్ల మచ్చ ఉంది. అలాంటివాళ్లు ఏమంటే అది జరుగుతుందంటారు.
*విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార*

జబ్బు కాదండీ. జిరాఫీ నాలుక దాదాపు అర మీటరు పొడవుంటుంది. బయటికి వచ్చే ముందుభాగం నల్లగా, ఊదాగా ఉంటుంది, లోపల ఉండే మొదలు గులాబీ రంగే. ఆ నలుపు మెలనిన్, మన చర్మంలో ఉండే రంగే. రోజులో ఎక్కువ సేపు నాలుక చాపి తుమ్మ జాతి చెట్ల ఆకులు లాగుతుంది కాబట్టి, ఎండ దెబ్బ తగలకుండా ఆ రంగు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం పూర్తి నమ్మకం లేదు. జిరాఫీకి దగ్గరి చుట్టం ఒకాపి. అది కాంగో దేశపు చిక్కటి అడవిలో, ఎండ సరిగ్గా నేల తాకని చోట ఉంటుంది. దాని నాలుకా నల్లనిదే. అందుకని ఇది ఎండ కంటే ముందే, ఆ వంశంలో ఉన్న రంగేమో అని నా ఆలోచన.

రంగు కంటే నన్ను ఆకట్టుకునేది ఆ నాలుక చేసే పని. అంగుళాల పొడవు ముళ్ల మధ్య నుంచి ఆకును వెతికి, చుట్టి, దూసి తీస్తుంది. పైపొర మందం, లాలాజలం చిక్కన, పెదవుల మీద కూడా గట్టి బొడిపెలు ఉండడంతో ముళ్లు అంతగా బాధించవు.

మీ మనవరాలి మచ్చ కూడా మెలనినే అయి ఉంటుంది. మన ఆవుల్లో, గేదెల్లో నల్లమచ్చల నాలుకలు మామూలే. మచ్చ పెరగకుండా, పుండు పడకుండా ఉంటే భయం లేదు. కొత్తగా వచ్చిందైతే వైద్యుడికి ఒకసారి చూపించండి. ఆ పిల్ల అన్నవన్నీ జరుగుతాయని మాత్రం దాని ముందు అనకండి. ఎప్పుడో ఒక చెడ్డ సంగతి నిజమైతే అది తన వల్లేనని ఆ పసిమనసు కుమిలిపోతుంది.

మాది ఉద్దానం. జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. చెద పుట్ట దగ్గర ఎలుగు నాలుకకు జిగురు ఉంటుందని, చెదలు దానికి అంటుకుంటాయని మా తాత చెప్పేవాడు.
*విశాఖలో చదువుకుంటున్న డిగ్రీ విద్యార్థి*

మీ తాతగారు చెప్పింది ఎలుగు కాదు, అలుగు (ఒంటినిండా పొలుసులుండే పాంగోలిన్) విషయంలో అక్షరాలా నిజం. అలుగుకు పళ్లే లేవు. సన్నటి పొడవాటి నాలుక గొంతులో కాక ఛాతీ లోపల, చివరి పక్కటెముకల దగ్గర మొదలవుతుంది. దాని మీద చిక్కటి జిగురు లాలాజలం ఉంటుంది. పుట్ట రంధ్రంలోకి పెట్టి తీస్తే చెదలు అంటుకుని వస్తాయి.

ఎలుగుబంటిది వేరే ఉపాయం. అది పీలుస్తుంది. మన ఎలుగుకు పై దవడ మధ్యలో ఉండాల్సిన రెండు ముందు పళ్లు ఉండవు, ఆ ఖాళీ ఒక గొట్టంలా పనిచేస్తుంది. గోళ్లతో పుట్ట పగలగొట్టి, ఉఫ్‌మని మట్టి ఊది, ముక్కు రంధ్రాలు మూసుకుని, పొడవాటి పెదవులు ముందుకు చాపి ఒక్కసారిగా పీలుస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. తోటకు పోయేవాళ్లు ఆ చప్పుడు వినిపిస్తే అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి రావాలి. పీల్చే పనిలో ఉన్న ఎలుగు మన అడుగుల సవ్వడి వినదు, దగ్గరికి వెళ్లాక ఉలిక్కిపడి మీదికి దూకుతుంది. చీకటితో, తెల్లవారుజామున తోటకు ఒంటరిగా వెళ్లవద్దని మీ ఊళ్లో అందరికీ చెప్పండి.

ఏనుగు నాలుక ఎప్పుడూ బయటికి చాపినట్టు చూడలేదు. దానికి నాలుక చిన్నదా?
*అక్కయ్యపాలెం*

చిన్నది కాదు, చాలా పెద్దది, లావుది. కాకపోతే కొన నోటి అడుగుకు అంటి ఉంటుంది, బయటికి చాపలేదు. చాపాల్సిన అవసరమూ లేదు, తొండం మేతను తెచ్చి నోట్లో పెడుతుంది. నాలుక ఆ మేతను వెనకనున్న దవడ పళ్ల దగ్గరికి నెడుతుంది. గడ్డి చుట్టాల్సిన పని లేదు కాబట్టి ఆవుకున్నంత గరుకు కొక్కేలూ కనిపించవు. మావటి లోపలికి చెయ్యి పెట్టి నాలుక నిమిరితే మచ్చికైన ఏనుగులు కళ్లు మూసుకుని నిలబడతాయి.

నేను వేటకు వెళ్తాను. రుషికొండ అవతల డాల్ఫిన్‌లు పడవ వెంట వస్తాయి. చేపను నమలకుండా మింగుతాయి. వాటికి రుచి ఉంటుందా? పిల్ల డాల్ఫిన్ నీళ్లలో తల్లి పాలు ఎలా తాగుతుంది?
*మత్స్యకారుడు, పెదజాలరిపేట*

మీ రెండో ప్రశ్నకు జవాబు నాలుక అంచుల్లోనే ఉంది. అప్పుడే పుట్టిన డాల్ఫిన్ నాలుక ముందు అంచు చుట్టూ మెత్తటి పోగుల వంటి బొడిపెలు వరసగా ఉంటాయి. పిల్ల నాలుకను మడిచి తల్లి చన్ను చుట్టూ పట్టిస్తే ఆ బొడిపెలు ఖాళీలు లేకుండా మూసేస్తాయి. ఉప్పునీరు లోపలికి రాదు, పాలు బయటికి పోవు. తల్లి కండరాలు నొక్కి పాలను చిమ్ముతుంది కాబట్టి పని చప్పున అయిపోతుంది. పెద్దదయ్యే కొద్దీ ఆ బొడిపెలు అరిగి, అంచు దాదాపు నునుపైపోతుంది. ఇలాంటి అంచు బొడిపెలు పుట్టిన కుక్కపిల్లల్లో, పందిపిల్లల్లో కూడా ఉంటాయి. వెతికితే కనిపిస్తాయి.

ఇక రుచి. 2014లో తిమింగలాల, డాల్ఫిన్‌ల జన్యువులను పోల్చి చూసిన పరిశోధకులు తీపి, పులుపు, చేదు, మాంసపు రుచి పట్టే జన్యువులు వాటిలో చెడిపోయాయని, ఉప్పును పట్టేవి మాత్రం మిగిలాయని చెప్పారు. చేపను చేపగానే మింగే జీవికి నోట్లో రుచి చూసే వ్యవధి ఎక్కడిది? మీరు గమనించింది, వాళ్లు జన్యువుల్లో చూసింది ఒకే సంగతి. వలలో డాల్ఫిన్ చిక్కితే, ఎంత నష్టమైనా వల కోసి వదిలేస్తున్న మీ పేట వాళ్లకు నా నమస్కారాలు.

నాలుక కొనలో తీపి, పక్కల్లో పులుపు, వెనక చేదు అని నేను పిల్లలకు బొమ్మ వేసి చెబుతూ వచ్చాను. ఇప్పుడు అది తప్పంటున్నారు. ఏది సరైనది? జంతువులకూ అంతేనా?
*జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, భీమిలి*

మాస్టారూ, ఆ బొమ్మను తుడిచేయండి. దాని కథ ఇది. 1901లో జర్మనీలో హేనిగ్ అనే పరిశోధకుడు నాలుక మీద ఒక్కో చోట ఒక్కో రుచికి ఎంత పలచటి ద్రావణం చాలు అని కొలిచాడు. చోటు చోటుకూ ఉన్న తేడా చాలా కొద్దిపాటిది. 1942లో అమెరికాలో బోరింగ్ రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఆ కొలతలను గీతలుగా గీసిన తీరు చూసినవాళ్లకు, కొనలో తీపి తప్ప ఇంకేమీ తెలియదన్నట్టు కనిపించింది. అక్కడి నుంచి పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. 1974లో మళ్లీ కొలిచి, తేడాలు నామమాత్రమని తేల్చారు. రుచి కణికలు ఉన్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. మీరు కాస్త చక్కెర నాలుక పక్కన పెట్టుకుంటే చాలు, తేలిపోతుంది.

జంతువుల్లో చోట్ల తేడా ఉంది, కాని రుచుల పంపకంలో కాదు, బొడిపెల పంపకంలో. గుర్రానికి వాలేట్ బొడిపెలు సాధారణంగా రెండే, చాలా పెద్దవి. ఆవుకు ఒక్కో పక్క ఎనిమిది నుంచి పదిహేడు. మేకకు ఒక్కో పక్క పన్నెండు నుంచి పద్దెనిమిది, గొర్రెకు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు. నెమరు వేసే జంతువులకు ఫోలియేట్ మడతలు ఉండవు. విషపు మొక్కల మధ్య మేసే జీవికి గొంతు దగ్గర ఇంత కాపలా ఉండడం సహజమని నాకనిపిస్తుంది.

బొమ్మకు బదులు పిల్లలకు అసలుదే చూపించండి. మాంసం దుకాణంలో అడిగితే మేక నాలుక ఇస్తారు. ఉప్పు నీళ్లతో రెండుసార్లు కడిగితే జిగురు పోతుంది. ఇటలీలో మాల్పీగి 1660లలో ఎద్దు నాలుకను ఉడకబెట్టి పైపొర తీసి చూశాడు, అలా బొడిపెల పొరలు బయటపడ్డాయి. మీరూ సగం నాలుకను కాసేపు ఉడకబెట్టండి, పైన కెరాటిన్ పొర తొక్కలా లేచి వస్తుంది. దాని అడుగువైపు తిప్పి చూస్తే ప్రతి బొడిపెకు ఒక తొడుగు ఉన్నట్టు తెలుస్తుంది. ఉడకని సగాన్ని వెనకభాగంలో, గుబ్బకు ఇరువైపులా భూతద్దంతో వెతకండి. ఆవగింజంత గుండ్రటి తలలు, వాటి చుట్టూ సన్నటి కందకం, అవే వాలేట్‌లు. ఒకదాన్ని బ్లేడుతో నిలువునా కోస్తే కందకం గోడలు కనిపిస్తాయి. రుచి కణికలు ఆ గోడల్లోనే ఉంటాయి. వాటిని 1867లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, స్వీడన్‌లో లోవెన్, జర్మనీలో ష్వాల్బే, ఒకరికొకరు తెలియకుండా గుర్తించారు. కణికలు మీ భూతద్దానికి అందవు, కాని కందకం అడుగున తెరుచుకునే చిన్న గ్రంథుల నుంచి పలచటి నీరు ఊరి, పాత రుచిని కడిగి కొత్త రుచికి చోటు చేస్తుందని చెప్పండి. ఒక్కో పక్క ఎన్ని ఉన్నాయో పిల్లల చేతే లెక్కపెట్టించండి. బ్లేడు మీ చేతిలోనే ఉండనివ్వండి. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.